ఆకు నీళ్ళను విరిచే చోటు: నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం కథ

పోస్టు పెద్దది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం ర్యాలీ కోసం మా హాస్టల్లో ప్లకార్డులు రాశాం. నేను రాసింది "అడవి లేకపోతే ఆక్సిజన్ లేదు". దాన్ని పట్టుకుని రాజమండ్రి ఎండలో బాగానే నడిచాం. తిరిగొచ్చాక ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, చెట్టు వదిలే ఆక్సిజన్ ఎక్కడిది? కార్బన్ డయాక్సైడ్‌లోదా, నీళ్ళలోదా?" నేను ఆలోచించకుండా చెప్పేశాను: "కార్బన్ డయాక్సైడ్‌లోదేరా. కార్బన్ ఉంచుకుని ఆక్సిజన్ వదులుద్ది." వాడు నమ్మేశాడు, రాసుకున్నాడు కూడా.

అది తప్పు. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతూ, ఆక్సిజన్ గురించి ప్లకార్డు మోసి, ఒక చిన్నోడికి తప్పు చెప్పాను. వాడి దగ్గర తప్పు ఒప్పుకుని, తర్వాత దొరికినంత చదివాను. చదివింది ఇక్కడ పెడుతున్నాను. ఎందుకంటే మనలో చాలామంది నాలాగే అనుకుంటున్నారని అడిగి చూస్తే తెలిసింది. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర చెప్తాను.

1. కుండీలో చెట్టు

చెట్టు బరువు ఎక్కడి నుంచి వస్తుంది? మట్టిని తిని పెరుగుతుందని పాతకాలం నుంచి అనుకునేవాళ్ళు. బెల్జియం ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంట్ దీన్ని తూచి చూశాడు. 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, అంటే సుమారు 77 కిలోలు. మట్టి మాత్రం రెండు ఔన్సులే తగ్గింది, 60 గ్రాములు కూడా కాదు. చెట్టంతా నీళ్ళతోనే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. ఆయన తేల్చింది సగమే నిజం, గాలి సంగతి ఆయనకు తట్టలేదు. ఆ రెండు ఔన్సుల మట్టిని కూడా లెక్కలోకి తీసుకోలేదు. మన కథకు అసలు ముఖ్యమైంది ఆ చిటికెడు మట్టే. దాన్ని గుర్తుపెట్టుకోండి.

1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా మొక్క పెట్టి చూశాడు. కొన్ని రోజులకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి డాక్టరు, ఈ పని వెలుతురులోనే జరుగుతుందని, మొక్కలో ఆకుపచ్చగా ఉన్న భాగాలే చేస్తాయని చూపించాడు. ఆ తర్వాత సెనెబియె కార్బన్ డయాక్సైడ్ సంగతి, 1804లో డి సోస్యూర్ నీళ్ళ సంగతి కలిపారు. అప్పటికి మన పదో తరగతి పుస్తకంలో ఉండే వాక్యం తయారైంది.

కానీ ఆక్సిజన్ దేనిలోంచి వస్తుంది? వందేళ్ళకు పైగా పెద్ద పెద్దవాళ్ళు కూడా నేను చెప్పినట్టే అనుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ విరిగి ఆక్సిజన్ బయటకు వస్తుందని. ఇది చదివాక నాకు కొంచెం సిగ్గు తగ్గింది.

2. ఆక్సిజన్ నీళ్ళదే

మొదట అనుమానించినవాడు వాన్ నీల్. డచ్చి దేశం నుంచి కాలిఫోర్నియా వెళ్ళి బాక్టీరియాల మీద పనిచేశాడు. 1930ల నాటి మాట. కొన్ని బాక్టీరియాలు ఎండతో బతుకుతాయిగానీ నీళ్ళకు బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందే, ఆ వాయువు. అవి ఆక్సిజన్ వదలవు, గంధకం వదులుతాయి. కార్బన్ డయాక్సైడ్ రెండు చోట్లా ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విరిగితే గంధకం వస్తున్నప్పుడు, నీళ్ళు విరిగితే వచ్చేది ఆక్సిజనే కదా అని ఆయన వాదన.

1930ల చివర్లో కేంబ్రిడ్జిలో రాబిన్ హిల్, ఆకుల్లోంచి హరితరేణువులను విడిగా తీసి, కార్బన్ డయాక్సైడ్ లేకుండా, ఎలక్ట్రాన్లు తీసుకునే ఇనుప లవణం ఒకటి కలిపి వెలుతురులో పెట్టాడు. ఆక్సిజన్ వచ్చింది. 1941లో బర్కిలీలో రూబెన్, కామెన్, వాళ్ళ జట్టు బరువైన ఆక్సిజన్ (ఆక్సిజన్-18) ఉన్న నీళ్ళను పచ్చని నాచుకు ఇచ్చి చూశారు. బయటకు వచ్చిన వాయువులో ఆ గుర్తు కనిపించింది. ఆక్సిజన్ నీళ్ళలోదే. ఆ రూబెన్ 1943లో ఫాస్జీన్ అనే విషవాయువు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు.

పరీక్ష రాసేవాళ్ళకు ఒక మాట. సమీకరణంలో ఎడమవైపు ఆరు కార్బన్ డయాక్సైడ్లు, ఆరు నీళ్ళు అని రాస్తాం. కుడివైపు గ్లూకోజు, ఆరు ఆక్సిజన్ అణువులు, అంటే పన్నెండు ఆక్సిజన్ పరమాణువులు. ఆరు నీటి అణువుల్లో ఉండేది ఆరే పరమాణువులు. మరి పన్నెండు ఎలా వస్తాయి? అందుకే సరిగ్గా రాసే పుస్తకాలు ఎడమవైపు పన్నెండు నీళ్ళు రాసి, కుడివైపు ఆరు నీళ్ళు తిరిగి వచ్చినట్టు చూపిస్తాయి. ఆ "పన్నెండు" ఎందుకో ఇంటర్‌లో నాకు అర్థం కాలేదు, బట్టీ పట్టాను. ఇందుకే.

3. గిద్దలు, సోల

నీళ్ళను విరవడం చిన్న పని కాదు. కుండలో నీళ్ళు ఎన్నాళ్ళు ఎండలో పెట్టినా ఆవిరవుతాయిగానీ ఆక్సిజన్, హైడ్రోజన్‌గా విడిపోవు. ఆకులో మాత్రం మామూలు ఎండకు, మామూలు వేడిలో ఆ పని జరుగుతుంది. ఏదో ఉంది అక్కడ.

1937లో జర్మనీలో పిర్సన్ అనే ఆయన, మాంగనీసు అందకపోతే నాచు కిరణజన్య సంయోగక్రియ సరిగ్గా చేయలేదని చూపించాడు. వాన్ హెల్మాంట్ వదిలేసిన రెండు ఔన్సుల మట్టిలో ఇలాంటివే ఉంటాయి. మాంగనీసు అంటే మనం సెల్లుల్లో నల్లపొడిగా చూసే డయాక్సైడ్‌లోని లోహం, ఉక్కులో కలిపే లోహం. అది ఆకులో ఏం చేస్తుంది?

1969లో ఫ్రాన్సులో పియెర్ జోలియో ఒక వింత చూశాడు. చీకట్లో ఉంచిన హరితరేణువుల మీద చిన్న చిన్న మెరుపులు ఒక్కొక్కటిగా కొట్టాడు. మొదటి మెరుపుకు ఆక్సిజన్ దాదాపు రాలేదు. రెండో దానికీ అంతంతే. మూడో మెరుపుకు గట్టిగా వచ్చింది. తర్వాత ఏడో దానికి, పదకొండో దానికి. అంటే నాలుగు మెరుపులకు ఒకసారి.

1970లో అమెరికాలోని బెస్సెల్ కాక్ దీని లెక్క విప్పాడు. రెండు నీటి అణువులు విరిగి ఒక ఆక్సిజన్ అణువు రావాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలి. ఒక్కో మెరుపు ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. లాగిన లెక్కను ఒక చోట జమ చేసుకుంటూ, నాలుగు నిండాకే ఆక్సిజన్ వదులుతుంది. మన పాత కొలతల్లో చెప్పాలంటే నాలుగు గిద్దలు పడితేగానీ సోల నిండదు, నిండితేగానీ కుమ్మరించరు. మరి మొదటిసారి మూడో మెరుపుకే ఎందుకు వచ్చింది? చీకట్లో ఉన్నప్పుడే అందులో ఒక గిద్ద జమై ఉంటుంది. ఇంకో మూడు పడితే చాలు. ఈ మెట్లకు ఎస్0 నుంచి ఎస్4 అని పేర్లు పెట్టారు.

ఆ సోల ఏదీ? లోపల నాలుగు మాంగనీసు పరమాణువుల గుత్తి అని మెల్లగా తేలింది. మాంగనీసు గుణం ఏమిటంటే అది ఎలక్ట్రాన్లను వేర్వేరు సంఖ్యల్లో ఇచ్చి కూడా నిలబడగలదు. మనం చదివే +2, +3, +4, +7 స్థితులు ఇవే. కెమిస్ట్రీలో విసుగ్గా బట్టీ పట్టే ఆ "ఆక్సీకరణ స్థితులు" లేకపోతే ఈ జమ లెక్కే లేదు.

4. చూద్దామంటే చెడిపోయే వస్తువు

ఆ గుత్తి ఎలా ఉందో కళ్ళతో చూడాలి. అక్కడే నలభై ఏళ్ళ పని.

బర్కిలీలో మెల్విన్ క్లెయిన్, కెనెత్ సాయర్ అనే ఇద్దరు జట్టు కట్టారు. తర్వాత వాళ్ళతో విట్టల్ యాచంద్ర, ఆ తర్వాత జుంకో యానో, జాన్ కెర్న్ చేరారు. వాళ్ళు వాడిన ముడిసరుకు ఏంటో తెలుసా? పాలకూర. పాలకూర ఆకుల్లోంచి ఆ భాగాన్ని వేరు చేసి, దాని మీద ఎక్స్ కిరణాలు వేసి, మాంగనీసు వాటిని పీల్చుకునే తీరు చూశారు. ఆ తీరును బట్టి పక్కన ఏ పరమాణువు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. 1981లోనే ఈ పద్ధతితో రెండు మాంగనీసుల మధ్య దూరం సుమారు 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లు అని తేల్చారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరును కోటి ముక్కలు చేస్తే ఒక ముక్క.

దూరాలు తెలిసినంత మాత్రాన పూర్తి బొమ్మ రాదు. దానికి స్ఫటికం కావాలి. 2001లో బెర్లిన్ జట్టు మొదటి మసక బొమ్మ ఇచ్చింది. 2004లో లండన్ నుంచి బార్బర్, ఇవాటాల జట్టు ఇంకొంచెం తేటగా చూపించింది. మూడు మాంగనీసులు, ఒక కాల్షియం కలిసి పెట్టెలా ఉన్నాయని, నాలుగో మాంగనీసు పక్కన ఉందని. కాల్షియం అంటే మన సున్నంలో ఉన్నదే.

2005లో యానో, యాచంద్రల జట్టు ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. బొమ్మ తీయడానికి వేసే ఎక్స్ కిరణాలే ఆ గుత్తిని పాడుచేస్తున్నాయి. కిరణం తగలగానే మాంగనీసులో చాలా భాగం +2 స్థితికి దిగిపోతుంది, అమరిక చెదిరిపోతుంది. అంటే అప్పటిదాకా వచ్చిన బొమ్మల్లో ఉన్నది బతికున్న గుత్తి కాదు, దెబ్బతిన్న గుత్తి. ఏళ్ళ తరబడి కష్టపడి తీసిన బొమ్మ గురించి "ఇది పూర్తిగా నమ్మకూడదు" అని చెప్పడం తేలిక కాదు. సాక్ష్యం చూపించి చెప్పారు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

2011లో జపాన్ నుంచి షెన్, కామియా జట్టు 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో బొమ్మ ఇచ్చింది. అప్పుడు తేలింది, ఆ గుత్తిలో నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, వాటిని కలుపుతూ ఐదు ఆక్సిజన్లు, అంటుకుని నాలుగు నీటి అణువులు. చూడ్డానికి వంకర కాళ్ళ కుర్చీలా ఉంటుంది.

పాడవకుండా చూడటానికి చివరికి దారి దొరికింది. ఎక్స్ కిరణాల లేజరుతో, కొన్ని పదుల ఫెమ్టోసెకన్లు మాత్రమే ఉండే పోటు వేస్తారు. ఫెమ్టోసెకను అంటే సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ వెయ్యి చేస్తే వచ్చేది. స్ఫటికం ముక్కలయ్యేలోపే బొమ్మ పడిపోతుంది. 2018లో కెర్న్, యానో, యాచంద్రల జట్టు ఇలా మెరుపు మెరుపుకూ మధ్య గుత్తి ఎలా మారుతుందో, మామూలు గది వేడిలోనే వరుసగా చూపించింది. కాక్ లెక్క కాగితం మీద కట్టిన 48 ఏళ్ళకు మెట్లు కంటికి కనిపించాయి. చిట్టచివరి మెట్టులో రెండు ఆక్సిజన్లు సరిగ్గా ఎలా జత కడతాయన్న దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. అంటే పని ఇంకా మిగిలే ఉంది. మనలో ఎవరైనా చేయొచ్చు.

5. ఆ మాంగనీసు మన రాళ్ళది

ఇదంతా బర్కిలీ, బెర్లిన్, జపాన్ కథ, మనకేంటి అనిపించొచ్చు. మనకు ఉంది.

మన దేశంలో మాంగనీసు గనులు మొదలైంది ఉత్తరాంధ్రలోనే. 1890ల మొదట్లో ఇప్పటి విజయనగరం జిల్లా కోడూరు దగ్గర తవ్వడం మొదలుపెట్టారు. గర్భాం, గరివిడి పేర్లు కూడా మీరు వినే ఉంటారు. ఫెర్మర్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త అక్కడి ఒక రాయికి ఊరి పేరు మీద కోడూరైట్ అని పేరు పెట్టాడు. విశాఖ రేవు 1933లో తెరిచినప్పుడు దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి మధ్య పరగణాల మాంగనీసును ఓడలకు ఎక్కించడం.

ఇంకో పేరు చెప్తాను. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఖోండు ఆదివాసీల పేరు మీద పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివినా ఆ పేరు చదవాల్సిందే. కానీ ఆ కొండల మీద ఉండే ఖోండు పిల్లల్లో ఎంతమందికి తమ పేరు రాయికి ఉందని తెలుసు? మన పేరు శాస్త్రంలో ఉంది, శాస్త్రం మన ఇంట్లో లేదు.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది కదా. దక్కను నల్లరేగడి, ఇంద్రావతి, శబరి దాటొచ్చిన మట్టి అంతా పాపికొండల సందులోంచి దిగి డెల్టాలో పరుచుకుంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీళ్ళు కాలువల్లో పొలాలకు పారాయి. నీళ్ళు నిలబెట్టిన వరి మడిలో ఒక పని జరుగుతుంది. బురదలోకి గాలి ఆడదు. గాలి లేని చోట బాక్టీరియాలు ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లనే ఊపిరికి వాడుకుంటాయి. దాంతో గట్టిగా ఉన్న మాంగనీసు +2గా మారి నీళ్ళలో కరుగుతుంది, వేళ్ళకు అందుతుంది. అందుకే నీళ్ళు నిలిచిన వరికి మాంగనీసు కొరత అరుదు. పంజాబులో ఇసుక నేలల్లో వరి తర్వాత గోధుమ వేస్తే మాంగనీసు కొరత కనిపిస్తుంది. వరికి కరిగిన మాంగనీసు నీళ్ళతోపాటు కిందికి దిగిపోతుంది కాబట్టి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతాయి. నీళ్ళు విరిచే చోటు ఖాళీ అయిపోతే ఆకుకు ఎండ ఉన్నా ఉపయోగం లేదు.

ఇంకో సంగతి. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే అట్రజిన్ మందు మీకు తెలుసు. మనోళ్ళు చాలామంది కూలికి వెళ్ళి కొడతారు. అది కలుపును ఎలా చంపుతుంది? మాంగనీసు గుత్తిని పట్టుకుని ఉండే డి1 అనే ప్రోటీనుకే ఇంకో పక్క ఒక గుంట ఉంటుంది. ఎలక్ట్రాన్లు అటు దాటిపోవాలి. అట్రజిన్ వెళ్ళి ఆ గుంటలో కూర్చుంటుంది. దారి మూసుకుపోతుంది. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. ఎటూ పోలేని ఆ శక్తి ఆకునే కాల్చేస్తుంది. మొక్కజొన్నకు అట్రజిన్‌ను విరిచేసుకునే శక్తి ఉంది, కలుపుకు లేదు. మందు డబ్బా మీద ఉన్నదాన్ని చదివి అర్థం చేసుకోవడం అంటే ఇదే. కొట్టేవాడికి అర్థమైతే ముఖానికి గుడ్డ కట్టుకోవాలా, చేతులకు తొడుగు వేసుకోవాలా అన్న ప్రశ్న కూడా అడుగుతాడు.

6. భీమవరం కుర్రాడు

నీళ్ళు విరిగాక ఎలక్ట్రాన్లు ఒక దారిన పోతాయి, ప్రోటాన్లు హరితరేణువు లోపలి సంచుల్లో పోగవుతాయి. కాలువ తలుపు ఎత్తితే నీళ్ళు తోసుకొచ్చినట్టు ఆ ప్రోటాన్లు ఒక చిన్న చక్రంలోంచి బయటకు వస్తాయి. ఆ చక్రం తిరిగితే ఏటీపీ తయారవుతుంది. వెలుతురులో హరితరేణువులు తమంతట తామే ఏటీపీ చేసుకుంటాయని 1954లో ఆర్నన్ చూపించాడు.

ఆ ఏటీపీని కండరంలోంచి వేరుచేసి కనిపెట్టినవాళ్ళలో ఒకరు మన గోదావరి మనిషి. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. చదువులో కొంత భాగం రాజమండ్రిలో. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక త్వరగా పోయాడు. సుబ్బారావు మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళి, ఖర్చులకు ఆస్పత్రిలో కూలిపని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు. ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాళ్ళిద్దరి పేరు మీదే ఉంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. తర్వాత సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోనే బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు వచ్చింది. డెల్టా ఊళ్ళలో రాత్రిపూట రక్తం తీసి, మాత్రలు మింగించి వెళ్ళేవాళ్ళని చూశాం కదా, ఆ మాత్రే. 1948లో న్యూయార్కులో చనిపోయాడు.

ఆయన మనలాంటి గూడెం నుంచి రాలేదు. ఇంట్లో అక్షరం ఉంది, ఊళ్ళో బడి ఉంది. ఆయన కథ మన కథ ఒకటే అని నేను చెప్పను. కానీ రెండుసార్లు ఫెయిలైనవాడు కనుక్కున్నది ఇప్పుడు ప్రతి బయాలజీ పుస్తకంలో ఉంది. బ్యాక్‌లాగులు ఉన్నాయని బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోదామనుకునే తమ్ముళ్ళు ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

మన తెలుగు విశ్వవిద్యాలయాల్లోనూ ఆకు మీద పని జరిగింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయనతో కలిసి పనిచేసి తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఎ.ఎస్. రాఘవేంద్ర. 1970ల్లో వీళ్ళిద్దరూ సి4 మొక్కల మీద పనిచేసి, ప్రపంచంలో ఏ ఏ మొక్కలు సి4 రకమో జాబితాలు కట్టారు. సి4 అంటే వేడిలో, తక్కువ నీళ్ళతో కార్బన్‌ను బాగా పట్టుకునే రకం. జొన్న, చోడి, కొర్ర, సామ అన్నీ సి4. వరి కాదు. మన పోడు మీద పెద్దోళ్ళు వేసుకున్నవి ఎక్కువగా ఇవే. వాళ్ళకు సి4 అన్న పేరు తెలీదు. కొండ వాలు మీద, వాన నీటి మీద ఏది నిలబడుతుందో తెలుసు. రెండూ తెలివే. ఒకటి ఉందని రెండోది అక్కర్లేదనుకోవడమే తప్పు.

7. మళ్ళీ ప్లకార్డు దగ్గరికి

ఇప్పుడు చివర చెప్తానన్న సంగతి. "అడవి లేకపోతే ఆక్సిజన్ లేదు" అని రాశాను కదా. అదీ సరైన మాట కాదు.

ముదిరిన అడవి పగలు వదిలే ఆక్సిజన్‌ను దాదాపు అంతా తానే వాడేసుకుంటుంది. చెట్లూ ఊపిరి పీల్చుకుంటాయి, రాలిన ఆకును బూజు, పురుగు తింటూ ఆక్సిజన్ వాడతాయి. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని కంటికి కనిపించని జీవులదే. గాలిలో ఇప్పుడున్న ఆక్సిజన్ కోట్ల కోట్ల ఏళ్ళుగా పోగుపడింది. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట నీలి ఆకుపచ్చ బాక్టీరియాలు ఇదే మాంగనీసు గుత్తితో నీళ్ళు విరిచి గాలిని మార్చేశాయి. గాలి కంటే ముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము తుప్పుపట్టి పొరలు పొరలుగా కింద పడిందని, అలాంటివే ఇప్పటి ఇనుప కొండలని చాలామంది శాస్త్రవేత్తలు చెప్తారు. బైలదిల్లా అలాంటి పొరల ఇనుప రాయే. ఆ ఖనిజం కిరండూల్ నుంచి అరకు మీదుగా రైలెక్కి విశాఖ వెళ్తుంది. ఆకు చేసిన పనినే తవ్వుకుపోతున్నారన్నమాట.

అయితే అడవి అక్కర్లేదా? అక్కర్లేదని నేననడం లేదు. వాన నీటిని పట్టి ఊటలకు ఇచ్చేది అడవి, కొండ మట్టిని పట్టి ఉంచేది అడవి, కార్బన్‌ను దాచేది అడవి, మనకు తిండి, చింతపండు, అడ్డాకు, చీపురు, మందు ఇచ్చేది అడవి. అన్నిటికంటే ముందు 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మనకు అందులో హక్కు ఉంది. ఇన్ని గట్టి మాటలు ఉండగా ఒక బలహీనమైన మాట ప్లకార్డు మీద ఎందుకు? అవతలివాడు ఆ ఒక్క తప్పు పట్టుకుని "వీళ్ళకేం తెలుసు" అని మిగతా నిజాలన్నీ కొట్టేస్తాడు. మనం తప్పు మాట్లాడితే మనకు పడే వెల ఎక్కువ.

ఇది ఇంకా ముఖ్యమవుతోంది. ఆకు చేసే పనిని యంత్రంతో చేయాలని ప్రపంచమంతా ప్రయత్నం. నీళ్ళు విరిచి హైడ్రోజన్ తీస్తే ఇంధనం. మన దేశం 2023 జనవరిలో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. కాకినాడలో గ్రీన్ అమోనియా ప్రాజెక్టు వస్తోంది. ఇప్పుడు వాడే ఒక రకం యంత్రాలకు ఇరిడియం, ప్లాటినం కావాలి, చాలా ఖరీదు. ఆకు మాత్రం చవకైన మాంగనీసు, కాల్షియంతో చేసేస్తుంది. అందుకే ఆ గుత్తి మీద అంత పరిశోధన. కానీ ఎంత మంచి లోహం దొరికినా నీళ్ళు విరవడానికి కరెంటు కావాల్సిందే. లోహం వృథాను తగ్గిస్తుంది, కరెంటు అవసరాన్ని తీసేయదు. ఎండ, గాలి కరెంటును నిల్వ చేయడానికి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు అంటున్నారు. వాటికి కొండలు, లోయలు కావాలి. అవి ఎక్కడున్నాయో మీకు తెలుసు. మన్యంలో వాటి మీద ఇప్పటికే ఆందోళనలు జరుగుతున్నాయి. పోలవరం ముంపులో ఊళ్ళు వదిలిన చుట్టాలు మనలో చాలామందికి ఉన్నారు.

రేపు గ్రామసభలో ఎవరో వచ్చి "ఇది గ్రీన్, దేశానికి మంచిది, సంతకం పెట్టండి" అంటారు. అప్పుడు ఎంత కరెంటు, ఎన్ని నీళ్ళు, ఏ కొండ, ఎవరికి లాభం అని అడగగలిగినవాడు మనలోంచే ఉండాలి. వాడు కెమిస్ట్రీ చదివుండాలి. "మనకెందుకు బ్రో ఈ సబ్జెక్టు, డిగ్రీ పాసైతే చాలు, గ్రూప్ ఉద్యోగం చూసుకుందాం" అని హాస్టల్లో వింటుంటాను. నేనూ అన్నాను. ఉద్యోగం కావాలి, కాదనను. కానీ మన కొండ మీదికి వచ్చే ప్రతి కాగితంలోనూ ఇప్పుడు సైన్సు ఉంటోంది. అది చదవలేకపోతే వేలిముద్ర వేసిన తాతకీ మనకీ తేడా లేదు.

తమ్ముడు అడిగిన ప్రశ్న చిన్నదే. "ఆక్సిజన్ ఎక్కడిది?" మూడు వందల ఏళ్ళు పైగా ఎంతోమంది తూచి, వెలిగించి, చీకటి చేసి, తప్పులు దిద్దుకుని దానికి జవాబు చెప్పారు. నీళ్ళది. నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం కలిసి విరిచిన నీళ్ళది. వచ్చే ఆగస్టు 9కి కొత్త ప్లకార్డు రాస్తున్నాం. ఈసారి ఆ తమ్ముడే రాస్తానన్నాడు: "మా అడవి, మా నీళ్ళు, మా హక్కు. లెక్క మాకు తెలుసు." చివరి మాట ఇంకా పూర్తి నిజం కాదు. ఆగస్టుకల్లా కొంచెమైనా నిజం చేద్దాం.

ఇంటర్, డిగ్రీలో కెమిస్ట్రీ ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రాజమండ్రిలో ఎవరున్నా ఆదివారం సాయంత్రం కలిసి చదువుకుందాం. నేను రాసిన దాంట్లో తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి, దిద్దుతాను.

జై ఆదివాసీ.